పైక్ చేప మింగిన వేళ్ళు

పెయ్‌ప్సి సరస్సు మీద మంచు
ఈ ఏడు ఆలస్యంగా పట్టింది.
చేపల పెట్టె, గొడ్డలి, ఫ్లాస్కులో టీ,
మంచు విరిగితే అంచుకు గుచ్చి పైకి పాకడానికి
తాడుకు కట్టిన రెండేసి మేకులు, నావీ దానివీ,
అన్నీ తలుపు దగ్గర సిద్ధం.
మిర్తెల్ మాత్రం లేవలేదు.

పదకొండేళ్ళ పిల్ల.
ఆదివారం నాకంటే ముందే బూట్లు తొడుక్కునే పిల్ల
దుప్పటి కింద నీలి వెలుగు చుట్టూ ముడుచుకుని ఉంది.
"ఎవరే?"
"ఎవరూ లేరు."
ఆ ఎవరూ లేనివాడు
అర్ధరాత్రి దాటాక శుభరాత్రి చెప్పడం
దుప్పటి లాగి చూశాను.

వాడి పేరు వెండినక్క. వయసు పదమూడట.
ఆటలో కోట కట్టడం నేర్పాడట.
ముందు ఒక కత్తి ఇచ్చాడు, తర్వాత ఒక గుర్రం.
తర్వాత మొదలుపెట్టాడు:
మీ అమ్మకు రాత్రి డ్యూటీ ఏయే రోజులు?
మీ కిటికీలోంచి ఏం కనబడుతుంది?
ఒక్క ఫోటో పంపవూ,
మనిద్దరి మధ్యే ఉంటుందిలే.

మనిద్దరి మధ్యే.
నలభై ఏళ్ళుగా ఈ సరస్సు మీద నడుస్తున్నాను,
కాలి కింద సన్నగా చిట్లే చప్పుడు
నాకు కొత్త కాదు.

నా చెయ్యి లేచింది.
ఫోను కోసమే లేచిందని కద్రికి చెప్పుకున్నాను తర్వాత.
పిల్ల మాత్రం రెండు చేతులూ
ఫోనుకు కాదు, చెంపకు అడ్డం పెట్టుకుంది.

పొయ్యి మండుతోంది, ఫోను నా గుప్పిట్లో ఉంది.
పొయ్యిలో పడేస్తే ఒక్క నిమిషం పని.
రేపు ఇంకో పిల్ల ఫోనులో,
ఇంకో చీకటి మూలలో
అది వాడితో మాట్లాడుతుంది,
ఈసారి నాకు దొరక్కుండా.

మేజోడు విప్పాను.
ఎడమ కాలు మంచం మీద పెట్టాను.
"ఈ రెండు వేళ్ళు ఎవరు తిన్నారు?"
"పైక్ చేప" అంది, ముక్కు ఎగబీలుస్తూ.
చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన కథ అదే.

చేప కాదే తల్లీ.
నాకు తొమ్మిదేళ్ళు. రెల్లు దాటి వెళ్తే
వీపు విమానం మోత మోగుతుందని మా నాన్న మాట.
వెళ్ళాను. పడ్డాను. ఎలాగో పాకి బయటపడ్డాను.
ఇల్లు కనబడుతూనే ఉంది,
గొట్టంలోంచి పొగ కూడా కనబడుతోంది.
ఇంటికి పోలేదు నేను.
ఉల్లిపాయల కొట్టంలో దాక్కున్నాను
బట్టలు ఆరేదాకా అని.
అవి ఆరలేదు, చెక్కల్లా బిగుసుకున్నాయి.
చీకటి పడ్డాక మా నాన్న లాంతరుతో వెతికి
ఎత్తుకున్నప్పుడు ఏడుస్తున్నాడు.
కొట్టనే లేదు.
అదేదో ముందే చెప్పి ఉంటే.

చాలాసేపు పొయ్యి ఒక్కటే మాట్లాడింది.

"ఒకటి పంపాను" అంది మిర్తెల్.
కిటికీ ఫోటో. అందులో మన పడవ. పడవ మీద పేరు.
నా గొంతులో ఏదో అడ్డం పడింది,
మింగాను.
"తడిసిన బట్టలతోనే వచ్చావు. మంచిపని చేశావు."

వాడి మాటలేవీ తుడిచెయ్యలేదు.
ఒక్కొక్కటీ ఫోటో తీసి దాచాం,
పోలీసులకు పంపాం,
ఆ తర్వాతే వాడికి తలుపు మూశాం.
కద్రి డ్యూటీ దిగి వచ్చేసరికి
ముగ్గురం బల్ల ముందు,
దాని ఆటలో ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో
అదే మాకు నేర్పుతోంది.
నాకు సగం అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.
విసుక్కుంటూ మళ్ళీ చెప్పింది.

మధ్యాహ్నం మంచు మీదికి వెళ్ళాం.
నల్లమంచును నమ్మొచ్చు, తెల్లమంచును తట్టి చూడాలి,
అది దానికి తెలుసు.
మెడలో మేకులు ఊగుతుండగా ముందు అదే నడిచింది,
తడుతూ, ఆగి వింటూ.
వెనక తాడు కొస పట్టుకుని నేను.

"నాన్నా" అంది తిరక్కుండానే,
"ఆ చేప కథ అబద్ధమని నాకు మూడో తరగతిలోనే తెలుసు.
నెట్‌లో వెతికాను.
బూటు తొడుక్కున్న కాలిని
ఏ పైక్ చేపా కొరకలేదట."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని."